తీపికాలువ మళ్ళిన రోజు

ఎర్రగట్టు మీద తెల్లవారింది.

శోణగిరి రాజ్యానికి తూర్పు అంచున, సముద్రంలోకి తొంగిచూస్తున్నట్టు నిలబడిన మట్టికొండ అది. ఆమడ పొడవు, ఇరవై నిలువుల ఎత్తు. పొద్దుటెండ పడగానే దాని ముఖం కుంకుమ చల్లినట్టు వెలుగుతుంది. మధ్యాహ్నానికి కాల్చిన ఇటుక రంగుకు తిరుగుతుంది. వానలు కోసిన సన్నని చారలు వేలకొద్దీ పైనుంచి కిందికి జారడంతో, దూరాన పడవల్లో ఉన్నవాళ్ళకు ఆ గట్టు ఎవరో రాకాసి నేతగాడు ఆరవేసిన చీరలా కనిపిస్తుంది. ఆ చీర పైఅంచున దారపు పోగులా సాగిపోయేదే రేవుదారి.

గవ్వలరేవు జనానికి ఉన్నది ఆ దారి ఒక్కటే. రేవుకు ఒకవైపు సముద్రం, మిగిలిన మూడువైపులా ఏనుగులు దిగబడే ఉప్పుబురద. ఏటా గాలినెల రాకముందే మూడువందల గడపల వాళ్ళూ ముసలివాళ్ళనూ పసివాళ్ళనూ బళ్ళకెక్కించుకుని, ఈ గట్టెక్కి, లోపలి ఊళ్ళకు పోతారు. గాలినెలలో ఆ ఇసుకతిప్ప మీద మిగిలిపోయినవాడు తిరిగి కనిపించిన గుర్తు ఎవరికీ లేదు.

ఈ యేడు బళ్ళు ఆ పొద్దుటే రేవు వదిలాయి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి గట్టు మీదికి చేరతాయి.

గట్టు కింద, అలల పక్కన, నలభైమంది కూలీలు బండరాళ్ళు దొర్లిస్తున్నారు. సముద్రం గట్టును కొరికేస్తోందనీ, కాళ్ళ దగ్గర రాతికట్ట పోస్తే ఆగుతుందనీ రాజుగారి ఆజ్ఞ. రెండేళ్ళుగా పోస్తున్నారు. రెండేళ్ళుగా గట్టు విరిగి ఆ రాళ్ళ మీదే పడుతోంది.

“ఒరే సింగన్నా! రాయి మొయ్యమంటే మట్టి తింతన్నావేట్రా? కడుపుతో ఉన్నావా?” అని అరిచాడు ఒక కూలీ. మిగిలినవాళ్ళు నవ్వారు.

సింగన్న అనే ఆ యువకుడు నవ్వలేదు. రాత్రి విరిగిపడిన మట్టిపెళ్ళ ఒకటి చేతిలో పట్టుకుని, దాని చెమ్మను నాలుకతో చూస్తున్నాడు. మళ్ళీ ఇంకో పెళ్ళ తీశాడు. అదీ చూశాడు.

“ఉప్పు లేదు,” అన్నాడు.

“లేకపోతే ఓ చిటికెడు ఏసుకో!”

మళ్ళీ నవ్వులు. సింగన్న తలపాగా బిగించుకుని, గట్టు పక్కనున్న మెట్లదారి పట్టి గబగబా పైకెక్కాడు.

అతని అసలు పేరు సింగన్న కాదు. శోణగిరి మహారాజు సుధన్వుడి రెండవ కొడుకు మణిధరుడు అతడు. పదేళ్ళ కిందట పెద్ద రాకుమారుడు ఉదయసేనుడు పడవ మునిగి సముద్రంలో పోయాడు. ఆనాటి నుంచి రాజు చిన్నకొడుకును సముద్రం కనుచూపు మేరకు కూడా రానివ్వలేదు. కొండల్లో గురువుగారి దగ్గర విలువిద్య నేర్చుకుంటున్నాడని కోటలో అందరి నమ్మకం. రేవుదారి విరిగిపోతోందని విన్న మణిధరుడు మూడు నెలల కిందట గురువు అనుమతి తీసుకుని, కూలివేషం వేసుకుని ఇక్కడికి వచ్చాడు. రాళ్ళు మోసి మోసి అతని అరచేతులు ఇప్పుడు నిజంగానే కూలివాడి అరచేతులు.

పైన నూకాలు దారి కొలుస్తోంది.

ఆమె దారికాపు. తాతల నాటి నుంచి ఆ ఇంటివాళ్ళకు అదే పని. ప్రతి అమావాస్యకూ రేవుదారి అంచు నుంచి గట్టు అంచుకు ఎంత దూరం మిగిలిందో దారికోలతో కొలవాలి. ఒక మూర తగ్గితే కోల మీద ఒక గాటు పెట్టాలి. ఆమె చేతిలో ఉన్నది మూడు తరాల టేకుకోల. నిండా గాట్లు.

“ఎంత మిగిలింది అప్పా?” అన్నాడు సింగన్న.

“ఆరు మూరలు. పోయిన అమాసకి ఏడు.” నూకాలు మొలలోంచి చిన్న కత్తి తీసి గాటు పెట్టింది. “సముద్రానికి కోపం వచ్చినాది. మరో నాలుగు కుండలు ఎక్కువ పోత్తాను.”

ఆమె పక్కన నీళ్ళకుండ ఉంది. మెడకు తెల్లదారం చుట్టిన కొత్త కుండ.

అది ఆ తీరపు ఆచారం. సముద్రంలో పోయినవాడి చుట్టూ అన్నీ నీళ్ళే గాని, తాగే చుక్క ఉండదు. అందుకని అమావాస్య నాడు వాడి ఇంటివాళ్ళు ఒక్క కుండ తీపినీళ్ళు తెచ్చి గట్టు అంచున పోస్తారు. పూర్వం ఆ నీళ్ళు రెండు కోసుల దూరంలో ఉన్న కొంగధార నుంచి నెత్తిన మోసుకురావలసి వచ్చేది. కొడుకు పోయిన ఏడు సుధన్వ మహారాజు తానూ ఒక కుండ మోశాడు. దారిలో ముసలి తల్లులు కుండలు దించుకుని ఆయాసపడటం చూశాడు. చూసి, కొంగధార నుంచి గట్టు దాకా కాలువ తవ్వించాడు. ఆ కాలువ రేవుదారి కింద రాతితూములోంచి వచ్చి, అంచున ఉన్న రాతితొట్టిలో పడుతుంది. తొట్టి నిండి, మూతి దగ్గర నుంచి ధారగా సముద్రంలోకి దూకాలి. రాత్రీ పగలూ, ఎండా వానా తేడా లేకుండా. దానికి జనం తీపికాలువ అని పేరు పెట్టారు. ఇప్పుడు అమావాస్య కుండలు ఆ కాలువలోనే ముంచి తొట్టిలో పోస్తారు.

కాలువ పూర్తయిన నెలలోనే మాంత్రికుడు ధూమ్రజటి కోటకు వచ్చాడు. “పన్నెండేళ్ళు ఈ నీరు ఆగకుండా పారితే, నీ కొడుకు ఈ నీటిదారినే పట్టుకుని పైకి నడిచివస్తాడు,” అన్నాడు. రాజు మంత్రులను అడగలేదు. కాలువను ఆపినవాడు ఎవరైనా సరే, ఆనాటి సూర్యాస్తమయంలోగా పొలిమేర దాటిపోవాలనీ, రాజు పిలిస్తే తప్ప తిరిగి రాకూడదనీ శాసనం వేయించాడు. దళవాయి కొండమనాయుణ్ణి కాపలా పెట్టాడు. పన్నెండేళ్ళకు ఇంకా రెండేళ్ళే తక్కువ.

సింగన్న తొట్టి దగ్గరికి వెళ్ళి చూశాడు. కాలువలోంచి నీరు బుస్సున వచ్చి పడుతోంది. కాని తొట్టి సగమైనా నిండలేదు. మూతి దగ్గర రాయి పొడిగా ఉంది.

“అప్పా, ధార కిందికి పడటం లేదేం?”

నూకాలు ముఖం వెలిగింది. “మొదట్లో పడేది బాబూ, కింద అలల దాకా పడేది. ఏడాదికేడాది తగ్గుతూ వచ్చి ఇప్పుడు సుక్క రాలదు. మనోళ్ళు మరి కిందదాకా ఆగలేకపోతన్నారు. పైకొచ్చి తాగెల్లిపోతన్నారు! మా ఆయన ఉన్నప్పుడూ అంతే. వంట అయ్యేదాకా ఆగేవోడు కాడు.”

సింగన్న ఆ పొడిరాయిని చూశాడు. నూకాలు నవ్వును చూశాడు.

“అప్పా, ఒక మోకు ఇస్తావా? గట్టు ముఖాన్ని ఒకసారి చూడాలి.”

“రాళ్ళు మొయ్యలేక సావాలనుందేటి?”

“నువ్వు పట్టుకుంటే చావను.”

నూకాలు గొణుగుతూనే మోకు తెచ్చి, దారి అవతలి తాటిచెట్టుకు రెండు చుట్లు వేసింది. సింగన్న అంచు దాటి కిందికి జారాడు.

గాలి అతన్ని అటూ ఇటూ ఊపింది. ఎర్రమట్టి పొడి కళ్ళల్లో పడింది. మూడు నిలువులు దిగాక గట్టు రంగు మారింది. పైన ఆరిన ఎరుపు, ఇక్కడ తడిసిన ఎరుపు. చెమ్మ వేళ్ళ మధ్య నుంచి కారుతోంది. మరో రెండు నిలువులు దిగేసరికి గట్టు ముఖంలో మనిషి పట్టేంత చీలిక కనిపించింది. లోపలి నుంచి చల్లని గాలి, దానితో పాటు సాంబ్రాణి వాసన!

సింగన్న చీలికలోకి దూరాడు. పది అడుగులు పాకి, లేచి నిలబడి, నిర్ఘాంతపోయాడు.

గట్టు లోపల ఒక మండపమంత గుహ ఉంది. ఎవరూ తవ్వింది కాదు. నీళ్ళు తొలిచింది. గోడలు శంఖం లోపలి భాగంలా నున్నగా మెలికలు తిరిగి ఉన్నాయి. పైకప్పు నుంచి వంద చోట్ల నీటిబొట్లు రాలి, వంద స్వరాలు పలుకుతున్నాయి. గుహ నడుమ నీళ్ళ మీద తేలుతూ ఒక కంచుదీపం. పైకప్పులో, సరిగ్గా రేవుదారి కింద, మట్టిలో సగం పూడుకుపోయిన గుమ్మడికాయంత మణి. దాని లోపల వెన్నెల కదులుతోంది. పాతరాజుల నాడు పోయిందని పెద్దలు చెప్పుకునే చంద్రకాంతమణి!

దీపం పక్కన కూర్చున్న మనిషి తల తిప్పకుండానే మాట్లాడాడు.

“కూలివాడివా? రా. నా పనికి పదేళ్ళలో ఒక్క సాక్షి కూడా లేడు.”

జడలు నేల మీద పరుచుకుని సన్నగా పొగ కక్కుతున్నాయి. ఒడిలో నల్లని శంఖం. ధూమ్రజటి!

“నువ్వు కోటలో కదా ఉండాలి?” అన్నాడు సింగన్న.

“కోటలో నాకేం పని? రాజుకు ఆశ ఇచ్చాను, వచ్చాను.” మాంత్రికుడు శంఖాన్ని నిమిరాడు. “మంత్రంతో తవ్వితే ఆ మణి పగిలిపోతుంది. ఇనుము తగిలితే నల్లబడుతుంది. తీపినీటితోనే, బొట్టు బొట్టుగా, దాని చుట్టూ మట్టి కరగాలి. అంత నీరు ఎక్కడిది నాకు? రాజు తెచ్చాడు. నేను దాన్ని సముద్రంలోకి పోనీయకుండా ఇటు పిలుచుకున్నాను, అంతే. ఇంకొక జానెడు మట్టి కరిగితే మణి నా ఒళ్ళో పడుతుంది.”

“దానితో పాటు దారి కూడా.”

“దారి నాది కాదు కదా!”

“దాని మీద బళ్ళు వస్తున్నాయి. పసిపిల్లలున్నారు.”

“అయితే ఇంకా మంచిది. బళ్ళ బరువుకు పని తొందరగా అవుతుంది,” అని ధూమ్రజటి శంఖం పూరించాడు.

గోడల్లోంచి నీరు తాళ్ళలా పేనుకుని సింగన్న మీదికి దూకింది. ఒకటి కాళ్ళను చుట్టింది, ఒకటి మెడను. సింగన్న కింద పడి, దొర్లి, చేతికి అందిన మట్టిపెళ్ళ తీసి దీపం మీదికి విసిరాడు. దీపం ఆరింది. చీకట్లో మాంత్రికుడు తిట్టాడు. శంఖనాదం ఒక్క క్షణం తడబడి, నీటితాళ్ళు సడలాయి. సింగన్న చీలిక వైపు పాకి మోకు లాగాడు. తెగిన మోకు చేతిలోకి వచ్చింది. పొగజడ ఒకటి అప్పటికే దాన్ని కాల్చేసింది.

ఆ చీలికలోంచి ఇక దారి లేదు. మళ్ళీ శంఖం మోగింది. పైకప్పు మూలలో ఒక సన్నని వెలుగు కనిపించింది. నీళ్ళు దిగే బిలం! సింగన్న గోడను పట్టుకుని ఎగబాకి, ఆ బిలంలోకి తల దూర్చాడు. పైనుంచి నీరు ముఖాన కొడుతోంది. వీపు ఒక గోడకు, మోకాళ్ళు ఇంకో గోడకు ఆనించి జానెడు జానెడుగా ఎక్కాడు. ఊపిరి అందినప్పుడు పీల్చాడు, అందనప్పుడు ఎక్కాడు. కింద పొగ అతని మడమలను వెతుకుతోంది. తలకు రాయి తగిలింది. తొట్టి అడుగుపలక! పగుళ్ళు వారి ఉంది. భుజం ఆనించి ఒక్క తోపు తోశాడు. రెండవ తోపుకు పలక లేచింది.

సింగన్న రాతితొట్టిలోంచి పైకి లేచాడు. తల నుంచి కాలి దాకా ఎర్రమట్టి. కళ్ళు తప్ప ఏమీ తెలియడం లేదు.

తొట్టి చుట్టూ జనం. మోకు తెగిందని నూకాలు పెట్టిన కేకలకు కొందరు, అమావాస్య కుండలతో వచ్చినవాళ్ళు కొందరు. వాళ్ళ ముందు, తెల్లదారం చుట్టిన కుండతో, సుధన్వ మహారాజు. ఆయన ఏ అమావాస్యా తప్పడు.

ఒక కుండ కిందపడి పగిలింది.

రాజు ఒక అడుగు ముందుకు వేశాడు.

“వచ్చావా నాయనా?” అన్నాడు. “ఇంకా రెండేళ్ళుంది అన్నారే...”

రాజు చూస్తున్నది ఉదయసేనుణ్ణి. ఒక్కమాట చాలు. నా దాహం తీరింది, కాలువ ఆపించు నాన్నా అంటే చాలు. దారి నిలుస్తుంది. బళ్ళు దాటుతాయి.

“కాదు ప్రభూ,” అన్నాడు. గొంతు నిండా మట్టి, మాట బొంగురుగా వచ్చింది. “నేను రాళ్ళు మోసే కూలీని. సింగన్న అంటారు.”

రాజు నెమ్మదిగా కూర్చున్నాడు. ఆసనం ఎక్కడుందో చూసుకోలేదు. నేల మీదే కూర్చున్నాడు. కుండను మాత్రం జాగ్రత్తగా పక్కన పెట్టాడు.

“చెప్పు,” అన్నాడు.

సింగన్న చెప్పాడు. గుహ, మణి, ధూమ్రజటి, శంఖం. విరిగిన మట్టిలో ఉప్పు లేకపోవడం. చివరికి, చెప్పడానికి కష్టమైన మాట చెప్పాడు.

“ఈ నీళ్ళు మనవాళ్ళు తాగడం లేదు ప్రభూ. గట్టు తాగుతోంది.”

“నోరు ముయ్యి!” కొండమనాయుడు ఈటె ఎత్తాడు. “తొట్టి పగలగొట్టి, పైగా మాంత్రికులవారి మీద కథలా?”

“కథో కాదో కోలను అడగండి,” అన్నాడు సింగన్న. “అప్పా, నీ దారికోల ప్రభువుకు చూపించు.”

నూకాలు కోలను రాజు ముందు పెట్టింది. మొదలు నుంచి గాట్ల మీద వేలు పెట్టి నడిపించింది. “ఇవి మా తాత పెట్టినవి బాబూ. మూడేళ్ళకో గాటు. ఇవి మా అయ్యవి. అలాగే. ఇక్కడ కాలవ వచ్చినాది. ఇవి నావి... ఏడాదికో గాటు. ఇవి ఆర్నెల్లకి. ఇవి... నెలకి...”

ఆమె వేలు ఆగిపోయింది.

“గాట్లు పెట్టుకుంటూ పోయాను గాని, ఎనక్కి తిప్పి సూల్లేదు బాబూ,” అంది మెల్లగా. సింగన్న వైపు తిరిగింది. “మరయితే, ఇన్నేళ్ళూ మా ఆయనకి సుక్క అందలేదా?”

అప్పుడే దక్షిణం నుంచి ఎద్దుల మెడగంటలు వినిపించాయి. మొదటి బండి మలుపు తిరిగింది. దాని వెనుక ఇంకొకటి. ఆ వెనుక దుమ్ము తప్ప ఏమీ కనిపించనంత పొడవున బళ్ళు.

కాళ్ళ కింద నేల చిన్నగా మూలిగింది. తొట్టి నుంచి దారి దాకా వెంట్రుకంత పగులు ఒకటి మెల్లగా పాకి, దారి నడుమకు వచ్చి ఆగింది.

సింగన్న ఒక కూలీ భుజం మీది పార అందుకుని దారి దాటి, తూముకు పడమటి వైపున్న కాలువగట్టు ఎక్కాడు. కొండమనాయుడు పరుగున వచ్చి ఈటె మొన అతని రొమ్ముకు ఆనించాడు. నూకాలు కూడా వచ్చి పార పట్టుకుంది.

“ఇలాగియ్యి. నాను కొడతాను. పొలిమేర దాటి ఎల్లిపోతే ఏడ్సడానికి నాకెవులున్నారు?”

“నీకు ఈ దారి ఉంది అప్పా. రేపు దీన్ని కొలవాల్సింది నువ్వే,” అని సింగన్న పార విడిపించుకున్నాడు. తరువాత దళవాయి భుజం మీదుగా రాజును చూశాడు.

రాజు ఆపమనలేదు. కొట్టమనలేదు. ఆయన బళ్ళ వైపు చూస్తున్నాడు. ముందుబండిలో ఒక తల్లి పసిబిడ్డకు ఎండ తగలకుండా కొంగు పట్టి కూర్చుంది.

“నాయుడూ,” అన్నాడు. “ఈటె బరువుగా లేదూ? దించుకో.”

కొండమనాయుడు ఈటె దించాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదేళ్ళుగా ఆ కాలువలో ఎండుటాకు కూడా పడనివ్వని మనిషి అతడు.

సింగన్న పార ఎత్తి వేశాడు. ఏడు దెబ్బలకు కాలువగట్టు తెగింది. తీపికాలువ ఒక్క క్షణం తటపటాయించినట్టు సుడి తిరిగి, ఉత్తరాన ఉన్న ఎండుగెడ్డ వాగులోకి మళ్ళింది. రాతితూము ఒకసారి గుటక వేసి ఊరుకుంది.

ఆ తరువాత ఎవరూ ఆజ్ఞ కోసం చూడలేదు. కూలీలు జిగటమట్టి తెచ్చి పగుల్లో కూరారు. తాటిదూలాలు తెచ్చి దారికి అడ్డంగా పరిచారు. నూకాలు దారి మధ్య నిలబడి కోల ఊపుతూ కేకలు పెట్టింది.

“దిగండెహె, దిగండి! నడవగలిగినోళ్ళు దిగండి! పడమటివార నడవండి. బళ్ళు ఒక్కొక్కటే రావాలి. ఒరే, ఆ ఎడ్లకి కళ్ళు లేవు, నీకూ లేవేట్రా? అంచుకి పోకు!”

“ఎన్నాళ్ళకి నీ తిట్లు ఇన్నాం నూకాలూ!” అన్నాడు ముందుబండి ముసలాయన దిగుతూ.

“బతికి అవతలకెల్లు, ఇంకా ఇంటావు!”

పది బళ్ళు, యాభై, నూరు. నూట నలభయ్యవ బండి దాటినప్పుడు అంచున రాతితొట్టి కదిలింది. నెత్తి మీది నుంచి కుండ జారినంత నెమ్మదిగా ఒరిగి, తనతో పాటు రెండు మూరల గట్టును తీసుకుని సముద్రంలోకి పోయింది. ఎంతోసేపటికి చప్పుడు పైకి వచ్చింది. జనం బిగుసుకుపోయారు. పగులు అలాగే ఉంది. వెడల్పు కాలేదు. కిందికి నీరు దిగడం ఆగిన మట్టి దూలాలను పట్టుకుని నిలిచింది.

తొట్టి పోయిన చోటి నుంచి నల్లని పొగ లేచింది. లేచి, కొంగగా మారింది. దాని కాళ్ళ మధ్య శంఖం ఉంది.

“కూలివాడా!” అంది కొంగ ధూమ్రజటి గొంతుతో. “మణి ఇంకా అక్కడే ఉంది. నీళ్ళు పైనుంచే రానక్కర్లేదు. ఈ శంఖానికి పొగదీవిలో కొత్త ప్రాణం పోస్తాను. వచ్చే అమావాస్య పోటుకు తీపినీరు కాదు, సముద్రాన్నే తీసుకువచ్చి ఈ గట్టును అడుగంటా కడుగుతాను. మణి పగిలినా సరే!”

కొండమనాయుడు విసిరిన ఈటె దాని రెక్కలో ఒక ఈకను మాత్రం రాల్చింది. కొంగ తూర్పుగా పోయి, చుక్కయి, మాయమైంది.

మిగిలిన బళ్ళు దాటుతూనే ఉన్నాయి. ఎండ తీవ్రంగా ఉంది. గట్టెక్కి వచ్చిన జనం నాలుకలు పిడచగట్టి ఉన్నాయి. నూకాలు తన తెల్లదారపు కుండను చంకన పెట్టుకుని, తొట్టి లేని అంచు వైపు చూస్తూ నిలబడింది. పోయడానికి చోటు లేదు. పోయకుండా ఇంటికి పట్టుకుపోవడం ఆచారం కాదు.

“కొంచెం నీళ్ళియ్యవా అప్పా? పాలు ఆరిపోతన్నాయి,” అంది పసిబిడ్డ తల్లి.

నూకాలు ఆమెను చూసింది. కుండను చూసింది. తరువాత కుండ వంచి, ఆమె దోసిట్లో ధారగా పోసింది. ఆమె తాగుతున్నంతసేపూ నూకాలు పెదవులు ఏదో పేరు పలుకుతూనే ఉన్నాయి. కుండ ఖాళీ అయ్యేవరకూ ఆ వరుసలో ఏడుగురు తాగారు.

అది చూసి అమావాస్య కుండలవాళ్ళందరూ దారికి పడమటివార బారులు తీరారు. గెడ్డ పక్కన తాటాకు పందిరి లేచింది. రాజు కూడా కుండ పట్టుకుని పందిరిలో నిలబడ్డాడు. ఎవరికి పోస్తున్నాడో ఆయన చూడలేదు. పోస్తున్నాడు.

చివరిబండి దాటేసరికి పొద్దు పడమటికి వాలింది. సింగన్న వచ్చి రాజు ముందు నిలబడ్డాడు.

“శాసనం ఉంది ప్రభూ,” అన్నాడు. “పొద్దుండగానే వెళ్ళాలి.”

“నేను వేసిందే,” అన్నాడు రాజు. “ముందు నీళ్ళు తాగు. ఆ మట్టి కడుక్కో.”

“దారిలో కడుక్కుంటాను. తాగుతాను.”

సింగన్న వంగాడు. అందరిలా దోసిలి పట్టలేదు. కుడి అరచేయి ఒక్కటే పెదవులకు ఆనించి, మోచేయి పైకెత్తి తాగాడు. వేటకు పోయినప్పుడు ఎడమచేతిలో విల్లు వదలకుండా తాగే పద్ధతి అది. శోణగిరి కోటలో దాన్ని ఉదయసేనుడు కనిపెట్టాడు. ఇంకొక్కడికే నేర్పాడు.

రాజు చేతిలో కుండ ఆగింది. మళ్ళీ వంగింది. సింగన్న తాగడం అయిపోయాక కూడా నీరు పడుతూనే ఉంది, ఇసుకలో.

“ఎటు పోతావు?” అన్నాడు రాజు.

“తూర్పుకు. కొంగ పోయిన వైపు.”

“సముద్రం మీద.”

“అవును ప్రభూ.”

రాజు కుండను పందిరిరాట పక్కన దించాడు. దాని మెడకున్న తెల్లదారం విప్పి, వేలికి చుట్టుకున్నాడు. వద్దు అనే మాట పదేళ్ళుగా ఆయన నోట ఉన్నదే. ఇప్పుడు అనలేదు.

“నూకాలూ,” అని పిలిచాడు. “వచ్చే అమావాస్యకు దారి కొలవాలి కదా?”

“కొలవాలి బాబూ. తప్పదు.”

“నీ కోల ఈ మనిషికివ్వు. నెల దాకా ఇతని దగ్గర ఉంటుంది. కొలిచే రోజుకు తెచ్చి నీ చేతికి ఇవ్వాలి. ఇది రాజు పిలుపు. అందరూ విన్నారు కదా?”

కొండమనాయుడు తల దించుకుని, విన్నామన్నాడు.

నూకాలు కోలను రెండు చేతులా పట్టి ఇచ్చింది. “మూడు తరాలది బాబూ. ఉప్పునీళ్ళు తగలనీకు. మరి ఇది లేకపోతే నాకు దారి కొలిచీ ఈలు లేదు, గుర్తెట్టుకో.”

“తెస్తాను అప్పా.”

సింగన్న వంగి రాజు పాదాలకు నమస్కరించాడు. ఆయన అతని తల మీద చేయి పెట్టాడు. చేతికి అంటిన ఎర్రమట్టిని తరువాత తుడుచుకోలేదు.

రాజ్యానికి తూర్పు పొలిమేర సముద్రమే. మెట్లదారి కింద అలల మీద ఒక చిన్న తెప్ప ఊగుతోంది. సూర్యుడి కొన కొండల మీద ఇంకా కనిపిస్తూ ఉండగానే మణిధరుడు దాన్ని నీటిలోకి తోశాడు. కోలను గుడ్డలో చుట్టి, తడి తగలకుండా వీపుకు కట్టుకున్నాడు. మొదటి అల తెప్పను ఎత్తింది. రెండవది దాటాక ఒకసారి వెనక్కి చూశాడు. గట్టు పైన, తొట్టి పోయిన అంచుకు నాలుగు మూరల ఇవతల, దారి మీద, ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో కుండ లేదు. అతడు కోటకు మళ్ళలేదు.

మణిధరుడు ముఖం కడుక్కుని తెడ్డు అందుకున్నాడు. ఎదురుగా, నీళ్ళు ఆకాశాన్ని కలిసే చోట, సన్నగా పొగ లేస్తోంది.